కౌబాయ్ సినిమా డాబా మీద వేయాలంటే ముందు చెవుల సంగతి చూడండి

ముగ్గురు మనుషులు రైలు కోసం ఎదురుచూస్తుంటారు. ఒకడి టోపీ మీద పైనుంచి చుక్క చుక్కగా నీళ్లు పడుతుంటాయి. ఇంకొకడు మెటికలు విరుచుకుంటుంటాడు. మూడోవాడి గడ్డం మీద ఈగ వాలుతుంది. ఎక్కడో నూనె లేని గాలిమర కిర్రు కిర్రుమంటుంది. పాట లేదు, బాజా లేదు, మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 1968లో ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనె తీసిన 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ద వెస్ట్' ఇట్లా మొదలై, పది నిమిషాలు దాటినా పేర్లు పడుతూనే ఉంటాయి. ఎండాకాలం మధ్యాహ్నం కాజీపేట జంక్షన్‌లో లేటైన ప్యాసింజర్ కోసం కూర్చున్నవాళ్లకు ఈ సీను ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇదే సీను ఫోన్‌లో చూస్తే రెండో నిమిషానికే వేలు పది సెకన్లు ముందుకు నొక్కుతుంది. తప్పు వేలిది కాదు. ఆ గాలిమర చప్పుడు ఫోన్ స్పీకర్‌లో వినిపించదు, కాబట్టి అక్కడ నిజంగానే ఏమీ జరగనట్టు ఉంటుంది. అరవై ఏళ్ల తర్వాత కూడా ఇటలీ వాళ్లు తీసిన ఈ కౌబాయ్ సినిమాలు నిలిచాయంటే కారణం తుపాకులు, గుర్రాలు మాత్రమే అయ్యుండవు. అవి వేరే సినిమాల్లోనూ బోలెడున్నాయి. వీటి బలమంతా ఎదురుచూపులో ఉంది, ఆ ఎదురుచూపును మోసేది శబ్దం. హన్మకొండలోనో వరంగల్‌లోనో ఒక ఇంటి డాబా మీద పదిహేను ఇరవై మందికి ఇలాంటి సినిమా వేసేటప్పుడు ఆ రెండూ చెడకుండా ఎలా చూసుకోవాలన్నదే ఇక్కడి సంగతి.

ముందే ఒక మాట. తెలిసినవాళ్లతో ఇంటి మీద కూర్చుని చూడటం వేరు, హాలు తీసుకుని టికెట్ పెట్టడమో కాలేజీలో అందరినీ పిలిచి వేయడమో వేరు. రెండో రకానికి హక్కులున్నవాళ్ల అనుమతి, సెన్సార్ సర్టిఫికెట్ విషయం ముందుగా తేల్చుకోవాలి.

ఏ సినిమాతో మొదలుపెట్టాలి

పైన చెప్పిన సినిమాతో మాత్రం వద్దు. ఇది చాలామంది చేసే పొరపాటు. గొప్పదని విని దాంతోనే మొదలుపెడతారు, అరగంటకు సగం మంది కిందికి దిగిపోతారు. అది అప్పటికే ఈ రకం సినిమాలు చాలా చూసేసిన వాళ్ల కోసం తీసినట్టుంటుంది.

1964 నాటి 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్' 99 నిమిషాలే. కథ సూటిగా ఉంటుంది: ఒక ఊరు, రెండు ముఠాలు, మధ్యలో ఇద్దరి దగ్గరా డబ్బు గుంజే ఒక కొత్త మనిషి. క్లింట్ ఈస్ట్‌వుడ్ అప్పటికి అమెరికా టీవీ సీరియల్ నటుడు. ఇటలీ వాళ్ల సినిమా అంటే చూడరేమోనన్న భయంతో మొదట్లో లియోనె పేరు బాబ్ రాబర్ట్‌సన్ అని, సంగీత దర్శకుడు ఎన్నియో మోరికోనె పేరు డాన్ సావియో అని వేశారు. కథ 1961లో అకిర కురొసావా తీసిన 'యొజింబో'ది. అడక్కుండా తీసుకున్నందుకు గొడవై, చివరికి వసూళ్లలో 15 శాతం జపాన్ వాళ్లకు ఇచ్చుకోవాల్సి వచ్చింది. అమెరికాలో 1967 దాకా విడుదల కాలేదు.

తర్వాతి వారం 'ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్' (1965, 132 నిమిషాలు), ఆ తర్వాత 'ద గుడ్, ద బ్యాడ్ అండ్ ద అగ్లీ' (1966). ఈ మూడూ అయ్యాక రైలు స్టేషన్ సినిమా వేయండి, అప్పుడు ఎవరూ కదలరు.

లియోనె ఒక్కడితో ఆగొద్దు. సెర్జియో కార్బూచి తీసిన 'జాంగో' (1966)లో హీరో శవపేటికను బురదలో ఈడ్చుకుంటూ వస్తాడు. అదే దర్శకుడి 'ద గ్రేట్ సైలెన్స్' (1968)లో ఎడారే ఉండదు, అంతా మంచు, హీరో మూగవాడు. దాని ముగింపు చూసి ఆ రాత్రి ఎవరూ సరిగా మాట్లాడరు, కాబట్టి పండగ పూట పెట్టకండి. వీటిలో హింస గట్టిగానే ఉంటుంది. 'జాంగో'కు బ్రిటన్‌లో 1993 దాకా సర్టిఫికెటే రాలేదు. లియోనె సినిమాల్లో కూడా ఆడవాళ్ల మీద దౌర్జన్యం చూపే సీన్లున్నాయి. పిల్లలు కూడా వస్తున్నారంటే 'దే కాల్ మీ ట్రినిటీ' (1970) మేలు. అందులో తుపాకుల కన్నా చెంపదెబ్బలు, చిక్కుడుగింజల కూర ఎక్కువ.

ఇంట్లో పెద్దవాళ్లుంటే ముందుగా 'మోసగాళ్లకు మోసగాడు' (1971) నుంచి ఒక పది నిమిషాలు వేయడం మంచి ఎత్తుగడ. కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో కృష్ణ గుర్రమెక్కిన ఆ సినిమాకు లియోనె సినిమాలే దారి చూపాయి. అది చూశాక అసలు సినిమా పరాయిదిగా అనిపించదు. 'ఓహో, ఇది ఇక్కణ్నుంచా' అని వాళ్లే అంటారు.

ఏ ప్రతి, ఏ భాష

ఒకే సినిమాకు రెండు మూడు నిడివులుంటాయి. 'ద గుడ్, ద బ్యాడ్ అండ్ ద అగ్లీ' అమెరికా ప్రతి 161 నిమిషాలు. 2003లో తీసేసిన సీన్లు కలిపి చేసింది సుమారు 179. ఆ కలిపిన సీన్లకు ఇంగ్లీషు మాటలు అప్పుడే చెప్పించారు. అంటే ముప్పై ఆరేళ్ల ముఖానికి డెబ్బై దాటిన ఈస్ట్‌వుడ్ గొంతు. లీ వాన్ క్లీఫ్ 1989లోనే పోయాడు కాబట్టి ఆయనకు వేరే మనిషి చెప్పాడు. తొలిసారి చూసేవాళ్లకు 161 నిమిషాలదే వేయండి, కథ చిక్కగా ఉంటుంది. 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ద వెస్ట్'కు మాత్రం 165 నిమిషాలదే సరైనది. అమెరికాలో మొదట కోసి వదిలిన పొట్టి ప్రతిలో కొన్ని చోట్ల కథే తెగిపోతుంది.

రంగు కూడా చూసుకోండి. 'ద గుడ్, ద బ్యాడ్ అండ్ ద అగ్లీ' 2014 నాటి 4కె ప్రతిలో బొమ్మంతా పసుపు కొట్టినట్టు ఉంటుంది. ఆకాశం పసుపు నీళ్లలా కనిపిస్తే ప్రొజెక్టర్ పాడైందని కంగారుపడొద్దు. సెట్టింగ్స్‌లో కలర్ టెంపరేచర్‌ను 'కూల్' వైపు ఒక మెట్టు జరపండి, చాలావరకు సర్దుకుంటుంది.

భాష విషయంలో చిన్న చిక్కుంది. ఈ సినిమాలకు షూటింగ్‌లో రికార్డు చేసిన గొంతులు వాడలేదు. ఈస్ట్‌వుడ్ ఇంగ్లీషులో, ఎదుటివాడు ఇటాలియన్‌లో, పక్కవాడు స్పానిష్‌లో మాట్లాడితే, తర్వాత స్టూడియోలో మొత్తం డబ్బింగ్ చెప్పారు. కాబట్టి ఏ భాష పెట్టినా ఎవరో ఒకరి పెదాలు కలవవు. మనకు డబ్బింగ్ సినిమాలు అలవాటే కాబట్టి ఇది పెద్ద బాధ కాదు. లియోనె సినిమాలకు ఇంగ్లీషు ట్రాక్ పెట్టండి, ఈస్ట్‌వుడ్ గొంతు ఆయనదే ఉంటుంది. 'జాంగో'కు ఇటాలియన్ ట్రాక్ మేలు, ఇంగ్లీషు డబ్బింగ్ చవకగా వినిపిస్తుంది.

తెలుగు సబ్‌టైటిల్స్

మాటలు తక్కువ కాబట్టి ఈ సినిమాలకు సొంతంగా తెలుగు సబ్‌టైటిల్స్ రాసుకోవడం కష్టం కాదు, ఇద్దరు కూర్చుంటే రెండు ఆదివారాల పని. ఒక్కో లైను 35 అక్షరాలు దాటకుండా, ఒకేసారి రెండు లైన్లకు మించకుండా ఉంచండి. ఫైలును యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేయకపోతే తెర మీద ప్రశ్నార్థకాలు వస్తాయి. అక్షరాలకు బదులు డబ్బాలు కనిపిస్తే అది ఫాంట్ సమస్య. సినిమా ఆడించే వీఎల్‌సీ ప్లేయర్ సెట్టింగ్స్‌లో సబ్‌టైటిల్ ఫాంట్‌ను నోటో సాన్స్ తెలుగుకో గౌతమికో మార్చండి.

అసలు తలనొప్పి మాటకూ రాతకూ తేడా రావడం. ఎంత తేడా, ఎలా పెరుగుతోంది అన్నది చూస్తే రోగం ఏమిటో తెలిసిపోతుంది. మొదటి నుంచి చివరిదాకా ఒకే తేడా ఉంటే వీఎల్‌సీలో జి, హెచ్ మీటలతో జరిపితే చాలు. గంటకు మూడున్నర సెకన్ల చొప్పున జారుతుంటే అది సెకనుకు 24 ఫ్రేములకూ 23.976 ఫ్రేములకూ మధ్య తేడా. గంట సినిమాకు రెండున్నర నిమిషాల దాకా పోయిందంటే ఒకటి యూరప్ టీవీ వాళ్ల 25 ఫ్రేముల ప్రతి, అందులో 165 నిమిషాల సినిమా 158 నిమిషాల్లోనే అయిపోతుంది. ఈ రెండింటికీ సబ్‌టైటిల్ ఎడిట్ అనే ఉచిత ప్రోగ్రాంలో ఫ్రేమ్ రేటు మార్చితే సరి. అంతా బాగా నడుస్తూ ఒక సీను దగ్గర ఉన్నట్టుండి మూడు నాలుగు నిమిషాలు ఎగిరితే మాత్రం మీ సబ్‌టైటిల్ ఒక నిడివిది, సినిమా ఇంకో నిడివిది. దాన్ని సరిచేస్తూ కూర్చోకండి, జత కుదిరే ఫైలు వెతకండి.

25 ఫ్రేముల ప్రతి దొరికితే వీలైనంతవరకు పక్కన పెట్టండి. వేగం పెరగడంతో సంగీతం కూడా అర స్వరానికి కాస్త తక్కువగా పైకెక్కుతుంది. పాటలోని ఈల కీచుమంటుంది.

తెర

'జాంగో', 'ద గ్రేట్ సైలెన్స్' తప్ప పైన చెప్పిన ఇటలీ సినిమాలన్నీ స్కోప్. వెడల్పు ఎత్తుకు 2.35 రెట్లు. లియోనె వీటిని టెక్నిస్కోప్ అనే పద్ధతిలో తీశాడు. మామూలుగా ఒక ఫ్రేముకు ఫిల్ము అంచున నాలుగు రంధ్రాల పొడవు పడుతుంది, ఇందులో రెండే. వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాలకు బదులు 22 నిమిషాలు వస్తుంది. పొదుపు కోసం పుట్టిన పద్ధతి ఇది. కానీ మామూలు లెన్సులే వాడొచ్చు కాబట్టి ముఖానికి బాగా దగ్గరికి వెళ్లి కళ్లను తెర నిండా పరిచినా వెనకున్న కొండ మరీ మసకబారదు. ఈ సినిమాల రూపురేఖలు చాలావరకు ఈ పొదుపులోంచే వచ్చాయి. చిన్న ఫ్రేమును పెద్దది చేయడం వల్ల గరుకు కూడా ఎక్కువ కనిపిస్తుంది. అది దుమ్మూ కాదు, లోపమూ కాదు. ప్రొజెక్టర్‌లో, టీవీలో 'నాయిస్ రిడక్షన్' ఆపేయండి, 'షార్ప్‌నెస్' తగ్గించండి. లేకపోతే ఆ ఎండలో మాడిన ముఖాలు మైనపు బొమ్మల్లా తయారవుతాయి. టీవీలో కదలికలను నున్నగా చేసే 'మోషన్' సెట్టింగ్ ఏ పేరుతో ఉన్నా ఆపాల్సిందే. బొమ్మను తెర నిండా సాగదీసే 'జూమ్' కూడా అంతే. జూమ్ చేస్తే తుపాకీ పట్టుకున్న ఇద్దరిలో ఒకడు గోడ అవతలికి పోతాడు.

తెరకు పక్కబట్ట పనికిరాదు, వెలుగు అవతలికి పోతుంది. ఫ్లెక్సీ షాపులో ప్రింట్ వేయని తెల్ల ఫ్లెక్స్ అడగండి, వెనకవైపు నల్లగా ఉండే రకం. పది అడుగుల వెడల్పు, ఆరు అడుగుల ఎత్తు, చుట్టూ అడుగుకొక రింగు కొట్టించండి. మెరుపుండే వైపు ముందుకు పెడితే మధ్యలో లైటు మచ్చలా కనిపిస్తుంది కాబట్టి మెరుపు తక్కువున్న వైపు చూసుకోండి. పైనా కిందా జీఐ పైపు తొడిగితే గాలికి ఊగదు. కింది పైపు బరువు లేకపోతే తెర తెరచాపలా ఉబ్బుతుంది, గుర్రాలు ఈదుతున్నట్టుంటుంది.

పది అడుగుల వెడల్పులో స్కోప్ బొమ్మ ఎత్తు 4 అడుగుల 3 అంగుళాలే వస్తుంది. ప్రొజెక్టర్ వెలుగు మాత్రం 5 అడుగుల 7 అంగుళాల దాకా పడుతుంది. అంటే పైన ఎనిమిది, కింద ఎనిమిది అంగుళాలు బూడిదరంగు పట్టీలు. వాటి మీద నల్ల గుడ్డ కడితే బొమ్మ ఒక్కసారిగా లేచి నిలబడుతుంది, థియేటర్ తెరలా. ఖర్చు దాదాపు లేదు, ఫలితం చాలా ఎక్కువ. అయితే గుడ్డ కట్టేముందు సబ్‌టైటిల్స్ ఎక్కడ పడుతున్నాయో చూడండి. చాలా ప్లేయర్లు వాటిని కింది నల్ల పట్టీలో వేస్తాయి. గుడ్డ కట్టాక సినిమా మొదలుపెడితే రాతంతా నల్ల గుడ్డ మీద పడి మాయమవుతుంది. సబ్‌టైటిల్ స్థానాన్ని బొమ్మ లోపలికి జరిపి, అప్పుడు కట్టండి. 'జాంగో' 1.66 కొలత, 'మోసగాళ్లకు మోసగాడు' స్కోప్ రాకముందుది (తెలుగులో స్కోప్ 1974లో 'అల్లూరి సీతారామరాజు'తో వచ్చింది). వాటికి పై, కింది గుడ్డలు విప్పి, ఖాళీగా మిగిలే పక్కలకు కట్టాలి.

త్రో రేషియో (బొమ్మ వెడల్పుకు ఎన్ని రెట్ల దూరంలో పెట్టాలో చెప్పే అంకె) 1.4 ఉన్న ప్రొజెక్టర్‌ను పది అడుగుల బొమ్మకు 14 అడుగుల దూరంలో పెట్టాలి. వంకరగా పెట్టి కీస్టోన్ మీటతో సరిచేయడం సులువే గానీ, గీతలు మెత్తబడతాయి. బల్ల ఎత్తు మార్చి తిన్నగా పెట్టండి. డబ్బా మీద తొమ్మిది వేల ల్యూమెన్స్ అని రాసిన చవక ప్రొజెక్టర్ల మాట నమ్మొద్దు. అన్సి ల్యూమెన్స్ (ప్రమాణం ప్రకారం కొలిచిన వెలుగు) ఎంతో అడగండి. ఈ తెరకు చీకట్లో నిఖార్సైన వెయ్యి ఉంటే చాలు, 1500 ఉంటే నిశ్చింత.

శబ్దం

ఖర్చు పెట్టగలిగింది ఏదైనా ఉంటే ఇక్కడే పెట్టండి.

ఈ సినిమాల అసలు ట్రాక్ మోనో, అంటే ఒకే వైపు నుంచి వచ్చే శబ్దం. డిస్కుల్లో 5.1 అని, చుట్టూ పెట్టే ఆరు స్పీకర్ల కోసం కొత్తగా చేసిన ట్రాక్ కూడా ఉంటుంది, అది చూసి ఆశపడతారు. 'ద గుడ్, ద బ్యాడ్ అండ్ ద అగ్లీ' 5.1లో తుపాకుల మోతలు కొన్ని కొత్తవి అతికించారు. పాత మోతకు ఒక ఈలలాంటి తోక ఉంటుంది, గోడకు తగిలి ఎగిరినట్టు. ఈ సినిమాలను గుర్తుపట్టేది ఆ తోకతోనే. మోనో ట్రాక్ దొరికితే అదే పెట్టండి. ఒక మంచి పవర్డ్ స్పీకర్‌ను (ఆంప్లిఫయర్ లోపలే ఉండే రకం) తెర కింద, సరిగ్గా మధ్యలో, నేల మీద కాకుండా రెండడుగుల ఎత్తులో పెట్టండి. రెండు మూలల్లో రెండు పెడితే మధ్యలో కూర్చున్న నలుగురికి తప్ప మిగతావాళ్లకు మాట పక్కనుంచి వస్తుంది.

బ్లూటూత్ వద్దు. వైరే వాడండి. బ్లూటూత్‌లో శబ్దం సెకనులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా ఆలస్యమవుతుంది. మామూలు సినిమాలో ఈ ఆలస్యం పెదాలను చూస్తే దొరికిపోతుంది. ఇందులో పెదాలు ఎలాగూ కలవవు కాబట్టి అందరూ డబ్బింగ్ అనుకుని ఊరుకుంటారు, లోపం సినిమా అంతా అలాగే నడుస్తుంది. పరీక్ష ఒకటే: ముఖం చూడొద్దు, వస్తువును చూడండి. తుపాకీ నుంచి పొగ వచ్చిన క్షణంలోనే మోత రావాలి. గ్లాసు బల్ల మీద పెట్టినప్పుడే టక్కుమనాలి. చురుట్టు కోసం అగ్గిపుల్ల గీసిన చోటే బర్రుమనాలి. ఇవి కలిసి పెదాలు మాత్రమే కలవకపోతే అది ఇటలీ డబ్బింగ్. ఇవి కూడా కలవకపోతే అది మీ వైరింగ్. వీఎల్‌సీలో జె, కె మీటలతో ఆడియోను జరిపి సరిచేయండి.

వాల్యూమ్ పెట్టడానికి ఆ రైలు స్టేషన్ సీనే కొలబద్ద. ఏ సినిమా వేస్తున్నా సాయంత్రం ముందుగా ఆ సీను ఆడించి చూడండి. టెలిగ్రాఫ్ మిషన్ టకటకలాడుతుంటే విసుగొచ్చి ఒకడు దాని తీగ పీకేస్తాడు. ఆ టకటక ఆగగానే గాలిమర కిర్రు చివరి వరుస కుర్చీలో వినపడాలి. వినపడలేదంటే రెండే కారణాలు: వాల్యూమ్ తక్కువ, లేదా ప్రొజెక్టర్ ఫ్యాన్ హోరు దాన్ని మింగేస్తోంది. రెండోదైతే చివరి వరుసను ప్రొజెక్టర్‌కు నాలుగైదు అడుగులు ముందుకు జరపండి. కిర్రు వినపడ్డ దగ్గర వాల్యూమ్ ఆపి, తర్వాత వచ్చే తుపాకీ మోత పక్కింటివాళ్లు ఓర్చుకునేలా ఉందో లేదో చూడండి. మోత మరీ ఎక్కువైతే ఒక గీత తగ్గించండి, అంతకు మించి వద్దు. ఆ తర్వాత సినిమా అయ్యేదాకా రిమోట్ ఎవరి చేతికీ ఇవ్వకండి.

'నైట్ మోడ్', 'ఆటో వాల్యూమ్' లాంటివి టీవీలోనూ స్పీకర్‌లోనూ ఆపేయాలి. ఇవి మెల్లగా ఉన్నదాన్ని పెంచి, గట్టిగా ఉన్నదాన్ని తగ్గిస్తాయి. వార్తలకు బాగుంటుంది. 'ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్' చివర్లో పాట పలికే జేబు గడియారం ఒకటి ఉంటుంది. పాట ఆగిన క్షణంలో తుపాకీ తీయాలని పందెం. కీ అయిపోతున్నకొద్దీ గంటలు నెమ్మదించి, సన్నబడి, ఒక్కొక్కటిగా రాలుతుంటాయి. ప్రాణం అంతా ఆ సన్నబడటంలోనే ఉంది. ఆటో వాల్యూమ్ ఉంటే అది సన్నబడ్డకొద్దీ మిషన్ పెంచుకుంటూ పోతుంది, గంట చివరిదాకా ఒకే మోతాదులో మోగుతుంది. పదివేల రూపాయల స్పీకర్ పెట్టి ఐదు రూపాయల ఫలితం. ఆ గడియారం ఆగేలోపు ఏం జరుగుతుందో ఇక్కడ చెప్పడం లేదు.

మోరికోనె సంగీతంలో మన చెవికి తెలిసిన వాయిద్యం ఒకటుంది. 'ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్' మొదట్లో టోయ్ టోయ్‌మంటూ పళ్ల మధ్య పలికేది మన కచేరీల్లో ఘటం పక్కన వినే మోర్సింగ్‌కు దగ్గరి చుట్టమే. ఈల వేసింది అలెసాండ్రో అలెసాండ్రోని. మాటల్లేకుండా ఆకాశానికి ఎగసే ఆడగొంతు ఎడ్డా డెల్లోర్సోది. రైలు స్టేషన్ సినిమాకు బాణీలు షూటింగ్ కంటే ముందే సిద్ధమయ్యాయి, సెట్‌లో వాటిని వినిపిస్తూ తీశారు. నటుల నడక, కెమెరా లేవడం పాటతో పాటే సాగడం గమనిస్తే తెలుస్తుంది. ఒగ్గు కథ చూసినవాళ్లకు ఇంకోటి కూడా తడుతుంది: కథకుడు మాట ఆపి చూస్తూ నిలబడితే, డోలు ఒక్కటే పెరుగుతూ పోయి, జనం కూర్చున్నచోటే ముందుకు జరుగుతారు చూడండి, లియోనె ద్వంద్వయుద్ధం కూడా అదే ఒడుపు మీద నిలబడుతుంది.

డాబా, కరెంటు, ఎండ

మేలో ఇక్కడ ఏడుంబావు దాకా ఆకాశంలో వెలుగు ఉంటుంది. ఏడున్నరకు మొదలుపెడితే సరిపోతుంది. డిసెంబర్‌లో ఆరున్నరకే వేయొచ్చు. ఎండాకాలం పగలంతా కాలిన స్లాబు రాత్రి తొమ్మిదింటికి కూడా సెగ కొడుతుంది. పొద్దుగూకినంక రెండు మూడు బకెట్ల నీళ్లు చల్లి, ఆరాక చాపలు వేయండి. ప్రొజెక్టర్‌ను స్లాబు మీద కాకుండా బల్ల మీద, చుట్టూ అడుగు ఖాళీ ఉండేట్టు పెట్టండి. దుమ్ము పడకుండా గుడ్డ కప్పి ఆడిస్తే అరగంటలో వేడెక్కి ఆగిపోతుంది. తొలకరి తర్వాత ఒక నెల డాబా మాట మరవండి. ఉసిళ్లు తెర నిండా కమ్ముకుంటాయి, అల్మెరియా ఎడారి పుట్టలా కనిపిస్తుంది. (అవును, చాలావరకు తీసింది స్పెయిన్‌లోని అల్మెరియా దగ్గర, టబెర్నాస్ ఎడారిలో.)

కరెంటు పోతే చాలా ఇన్వర్టర్లు అందుకోవడానికి రెప్పపాటు తీసుకుంటాయి. బల్బుకు తెలియదు గానీ ప్రొజెక్టర్ ఆరిపోతుంది. ఇన్వర్టర్ వెనక 'యూపీఎస్ మోడ్' మీట ఉంటే అది వేసి ఉంచండి. ప్రొజెక్టర్ 300 వాట్లు, స్పీకర్, ల్యాప్‌టాప్ కలిపి ఇంకో 150 అనుకుంటే, మంచి స్థితిలో ఉన్న 150 ఏహెచ్ బ్యాటరీ రెండు గంటల పైచిలుకు లాగుతుంది. నాలుగేళ్ల పాత బ్యాటరీ మీద ఆ ఆశ పెట్టుకోవద్దు. కింది ఫ్యాన్లు, ఫ్రిజ్ అదే ఇన్వర్టర్ మీద ఉంటే విడదీయండి.

తినడానికి కరకరలాడేవి పెట్టకండి. మక్కపేలాలు, చిప్స్ ప్యాకెట్లు గాలిమరను, ఈగను ఒకేసారి చంపేస్తాయి. బొబ్బెర గుడాలు, ఉడికించిన మక్కలు, కాగితం గ్లాసుల్లో చాయ్, అంతే. సర్వపిండి చేయాలనుకుంటే ఇంటర్వెల్‌కు దాచండి.

ఇంటర్వెల్ ఎక్కడ ఇవ్వాలో ముందే చూసి రాసి పెట్టుకోండి, గడియారం చూసి ఆపొద్దు. 'ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్'లో బహుమతి డబ్బు కోసం నేరస్తులను వేటాడే ఇద్దరు రాత్రి వీధిలో ఒకరి టోపీ ఒకరు కాల్చుకుని, ఆ తర్వాత చేతులు కలుపుతారు. తెలుగు సినిమాకైనా అంతకంటే మంచి ఇంటర్వెల్ దొరకదు. 'ద గుడ్, ద బ్యాడ్ అండ్ ద అగ్లీ'లో ఎడారిలో బండి కనిపించే సీను తర్వాత, నిధి ఉన్న సమాధి పేరు ఒకడికి తెలిసి ఇంకొకడికి తెలియని చోట ఆపండి. అప్పటిదాకా చంపాలనుకున్నవాణ్నే 'చావకురా' అని బతిమాలే చోటది. జనం చాయ్ తాగుతూ దాని గురించే మాట్లాడుకుంటారు.

ఆ సినిమా చివరి శ్మశానం గురించి వేసేముందు ఒక్క ముక్క చెప్పొచ్చు, కథ బయటపెట్టకుండా. స్పెయిన్‌లో బుర్గోస్ దగ్గర సైనికులతో సుమారు ఐదు వేల సమాధులు గుండ్రంగా కట్టించి తీశారు. దశాబ్దాలు మట్టి కింద ఉండిపోతే, 2015 నుంచి అభిమానులే పారలు పట్టుకుని తవ్వి బయటపెట్టారు. ఇక సీను నడుస్తున్నప్పుడు చూడాల్సింది షాట్ల నిడివి. మొదట దూరం నుంచి ముగ్గురూ, తర్వాత నడుము దగ్గర చేతులు, తర్వాత ముఖాలు, తర్వాత కళ్లే. ఒక్కో షాటుకు మనసులో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టండి. మొదట పది దాటే లెక్క, చివరికి 'ఒక' అనేలోపే తెగుతుంది. రెండోసారి చూసేవాళ్లకే ఈ పని చెప్పండి, మొదటిసారి లెక్కపెట్టమంటే సినిమా పోతుంది.

ఆఖరి పేర్లు పడుతుండగా లైటు వేయొద్దు, ప్రొజెక్టర్ ప్లగ్ పీకొద్దు. ల్యాంపు ప్రొజెక్టర్ అయితే ఆపే మీట నొక్కాక ఫ్యాన్ తనంతట తాను ఆగేదాకా ఒకటి రెండు నిమిషాలు తిరగనివ్వండి, లేకపోతే ల్యాంపు ఆయుష్షు తగ్గుతుంది. ఆ రెండు నిమిషాలు ల్యాప్‌టాప్‌లో సంగీతం నడుస్తూనే ఉంటే చాపలు మడతపెట్టేవాళ్లు కూడా తొందరపడరు.